పాల్ బ్రోకా

పియెర్ పాల్ బ్రోకా (జూన్ 28, 1824 - జూలై 9, 1880) ఫ్రాన్సు దేశానికి చెందిన శస్త్రవైద్యుడు, శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు, మానవశాస్త్రజ్ఞుడు. మాటలు పలకడానికి అవసరమైన మెదడు భాగాన్ని గుర్తించినవాడిగా ప్రపంచ ప్రసిద్ధుడు. ఆ భాగాన్ని నేటికీ బ్రోకా ప్రాంతం అనే పిలుస్తారు. క్షీరదాల మెదడులో వలయాకారంగా ఉన్న మరొక భాగాన్ని 1878లో వర్ణించి, దానికి లింబిక్ లంబిక అని పేరు పెట్టినవాడు కూడా ఇతడే. ఆ వలయం ప్రధానంగా వాసనకు సంబంధించినదని బ్రోకా భావించాడు. భావోద్వేగాలకు, జ్ఞాపకశక్తికి దానితో గల సంబంధం ఇతడు మరణించిన తరువాత, ఇరవయ్యవ శతాబ్దంలో వెల్లడైంది.

జననం, విద్యాభ్యాసం

బ్రోకా నైరుతి ఫ్రాన్సులో, బోర్డో నగరానికి సమీపంలోని సాంత్-ఫ్వా-లా-గ్రాండ్ అనే చిన్న పట్టణంలో ప్రొటెస్టంట్ కుటుంబంలో జన్మించాడు. తండ్రి నెపోలియన్ సైన్యంలో వైద్యుడిగా పనిచేశాడు. బ్రోకా పదిహేడేళ్ళ వయసులో పారిస్ వైద్య విద్యాలయంలో చేరి 1849లో వైద్య పట్టా పొందాడు. అనంతరం పారిస్ ఆసుపత్రులలో శస్త్రవైద్యుడిగా, వైద్య విద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశాడు. కంతులను గూర్చి ఇతడు రచించిన బృహద్గ్రంథం 1866 నుండి వెలువడింది. 1857లో ఆడెల్ ఓగుస్తీన్ లుగోల్‌ను వివాహమాడాడు. నేటికీ లుగోల్ ద్రావణం అనే పేరుతో వాడుకలో ఉన్న అయోడిన్ ద్రావణాన్ని రూపొందించిన వైద్యుడు ఈమె తండ్రి.

మానవశాస్త్ర సంఘం

1859లో బ్రోకా పారిస్ మానవశాస్త్ర సంఘాన్ని స్థాపించాడు. కుందేలు జాతుల సంకరాన్ని గూర్చిన ఇతని పరిశోధన మానవ జాతుల మూలాన్ని గూర్చిన వాదాలకు దారితీయగా, అప్పటి శాస్త్ర సంఘం ఒకటి ఆ చర్చకు ఇష్టపడకపోవడం దీనికి నేపథ్యం. రాజ్యానికి, మతానికి వ్యతిరేకంగా ఏమీ మాట్లాడకుండా చూసేందుకు సమావేశాలకు ఒక పోలీసు అధికారి హాజరు కావాలనే షరతు మీద ప్రభుత్వం ఈ సంఘాన్ని అనుమతించింది. బ్రోకా కీర్తికి కారణమైన ఆవిష్కరణ, అపకీర్తికి కారణమైన కపాల కొలతల వాదం రెండూ ఈ సంఘం చర్చలలోనే వెలుగు చూశాయి.

బ్రోకా ప్రాంతం

1861 ఏప్రిల్‌లో, బిసెత్ర్ ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్న లెబోర్న్ అనే రోగిని కాలికి సోకిన తీవ్రమైన వ్యాధి కారణంగా బ్రోకా వద్దకు తీసుకువచ్చారు. ఎదుటివారి మాటలు చాలావరకు అర్థమవుతున్నా, ఏమి అడిగినా అతడు పలకగలిగినది "టాన్" అనే ఒక్క అక్షరమే. అందువలన ఆసుపత్రిలో అందరూ అతడిని టాన్ అనే పిలిచేవారు. ఏప్రిల్ 17న అతడు మరణించాడు. మరుసటి రోజే బ్రోకా అతని మెదడును మానవశాస్త్ర సంఘం ముందుంచాడు. ఎడమ అర్ధగోళంలో, నుదుటి వెనుక ఉండే లలాట లంబిక దిగువ భాగం దెబ్బతిని ఉంది. మెదడు పైపొరలో స్పష్టంగా వేరుపడి కనిపించే పెద్ద భాగాన్ని లంబిక అంటారు. కొద్ది నెలల తరువాత, కేవలం ఐదు మాటలు పలకగలిగిన లెలోంగ్ అనే వృద్ధుని మెదడులోనూ దాదాపు అదే చోట లోపం కనిపించింది. మరికొందరు రోగులను పరిశీలించిన పిమ్మట, మాటకు ఆధారం ఎడమ అర్ధగోళమని 1865లో బ్రోకా ప్రకటించాడు.

బ్రోకా ఈ రెండు మెదళ్ళను ముక్కలుగా కోయకుండా భద్రపరిచాడు. ఆ కారణంగా 2007లో శాస్త్రజ్ఞులు వాటిని ఎం.ఆర్.ఐ. యంత్రంతో పరీక్షించగలిగారు. బయటికి కనిపించిన దానికంటే లోపం చాలా లోతుగా వ్యాపించి ఉందని అప్పుడు తెలిసింది.

లింబిక్ లంబిక

జీవితపు చివరి సంవత్సరాలలో బ్రోకా వివిధ క్షీరదాల మెదళ్ళను పోల్చి చూశాడు. నీటికుక్క మెదడుతో మొదలుపెట్టి అనేక జంతువుల మెదళ్ళను పరిశీలించగా, అర్ధగోళాల లోపలి వైపున, మెదడు కాండాన్ని చుట్టి ఉన్న ఒక వలయం వాటన్నింటిలోను కనిపించింది. 1878లో ప్రచురించిన సుదీర్ఘ వ్యాసంలో దీనిని మహా లింబిక్ లంబిక అని వ్యవహరించాడు. లాటిన్ భాషలో లింబస్ అంటే అంచు. ఆ భాగం చేసే పనిని కాక, ఉన్న చోటును మాత్రమే తెలిపే పేరు కావాలని అతడు ఈ మాటను ఎంచుకున్నాడు.

పని విషయంలో మాత్రం బ్రోకాకు ఒక నిశ్చితాభిప్రాయం ఉండేది. వాసన బాగా పసిగట్టే జంతువులలో ముక్కు నుండి వార్తలను అందుకునే ఘ్రాణ లంబికలు పెద్దవిగా ఉండి, ఈ వలయంతో కలిసిపోయి ఉంటాయి. కనుక వలయం ముఖ్యంగా ఘ్రాణ సంబంధమైనదని, జంతు ప్రవృత్తికి ఆలవాలమని అతడు తలచాడు. దీని ఆధారంగా క్షీరదాలను వాసన మీద ఆధారపడేవి, ఆధారపడనివి అని రెండు తరగతులుగా విభజించాడు. డాల్ఫిన్లు, కోతులతో పాటు మానవుని రెండవ తరగతిలో చేర్చాడు. మానవునిలో లలాట లంబిక పెరిగి, బుద్ధికి, స్వేచ్ఛా సంకల్పానికి స్థానం కాగా, వాసన తన పెత్తనాన్ని కోల్పోయిందని అతని భావన. ఈ వర్గీకరణకు ఆధారం మెదడు భాగాల పరిమాణాల పోలిక మాత్రమే. మనుషులకు వాసనలు చూపించి చేసిన పరీక్షల మీద అది ఆధారపడలేదు.

తరువాతి పరిశోధనలు

1937లో అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ పేపెజ్, హిప్పోకాంపస్, థాలమస్, సింగ్యులేట్ మడత మొదలైనవాటిని కలుపుతూ సాగే నాడీ మార్గం భావోద్వేగాలకు ఆధారమని ప్రతిపాదించాడు. ఈ భాగాలలో కొన్ని బ్రోకా వర్ణించిన వలయంలోనివే. 1947లో నార్వే శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్ బ్రోదాల్, హిప్పోకాంపస్ ప్రధానంగా వాసనకు చెందినదనే నమ్మకానికి తగిన ఆధారం లేదని వాదించాడు. 1952లో పాల్ మెక్లీన్ లింబిక్ వ్యవస్థ అనే మాటను వాడుకలోకి తెచ్చాడు.

జ్ఞాపకశక్తితో ఈ వలయానికి గల సంబంధం ఒక శస్త్రచికిత్స వలన స్పష్టమైంది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకునికి మూర్ఛ వ్యాధి తగ్గించడానికి మెదడు రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగాన్ని తొలగించారు. మూర్ఛలు తగ్గాయి గాని, ఆ తరువాత జరిగిన సంఘటనలేవీ అతనికి గుర్తు నిలవలేదు. ఈ సంగతిని 1957లో విలియం స్కోవిల్, బ్రెండా మిల్నర్ ప్రచురించారు. మొలైసన్ 2008లో మరణించాడు.

అయితే బ్రోకా ఊహ పూర్తిగా నిరాధారమైనది కాదు. చూపు, వినికిడి, స్పర్శ వంటివి మెదడు పైపొరను చేరే ముందు థాలమస్ అనే కేంద్రం గుండా పోతాయి. వాసన మాత్రం ఆ మజిలీ లేకుండానే ఘ్రాణ లంబిక నుండి సూటిగా భయం మొదలైన ఉద్వేగాలతో సంబంధం గల అమిగ్డలాకు, హిప్పోకాంపస్‌కు ద్వారం వంటి ఎంటోరైనల్ పొరకు చేరుతుంది. ఏదో ఒక వాసన తగలగానే చిన్ననాటి సంగతి దాని నాటి సంతోషంతో లేదా దుఃఖంతో సహా మనసులో మెదలడానికి ఈ దగ్గరి సంబంధం ఒక కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఆల్జైమర్ వ్యాధి తొలిదశలోనే దెబ్బతినే భాగాలలో ఎంటోరైనల్ పొర ఒకటి. ఈ వ్యాధిలో జ్ఞాపకశక్తితో పాటు వాసనలను గుర్తించే శక్తి కూడా తొలినాళ్ళలోనే తగ్గడం తరచుగా కనిపిస్తుంది.

మానవుని ఘ్రాణశక్తి బలహీనమైనదనే అభిప్రాయం మాత్రం బ్రోకా తరువాత శతాబ్దానికి పైగా పాఠ్యపుస్తకాలలో కొనసాగింది. 1991లో లిండా బక్, రిచర్డ్ ఏక్సెల్ వాసనలను గుర్తించే గ్రాహకాల జన్యు కుటుంబాన్ని కనుగొన్నారు. ఇందుకు వారికి 2004లో నోబెల్ బహుమతి లభించింది. మానవునిలో ఇటువంటి గ్రాహకాలు దాదాపు 400 రకాలు పనిచేస్తున్నాయి. 2017లో జాన్ మెక్‌గాన్ అనే శాస్త్రజ్ఞుడు సైన్స్ పత్రికలో వ్రాస్తూ, మానవుని ఘ్రాణశక్తి హీనమైనదనే మాట పంతొమ్మిదవ శతాబ్దపు అపోహ అని, దాని మూలం బ్రోకా వర్గీకరణలో ఉందని చూపాడు. ఘ్రాణశక్తి అల్పమైనదనే ఈ భావన వలన దాని లోపాన్ని వైద్యరంగం చాలాకాలం తేలికగా తీసుకుంది. 2020లో కోవిడ్-19 సోకి వాసన కోల్పోయిన అనేకులకు తిండి రుచించక, దిగులు కలిగినప్పుడు దాని విలువ సామాన్యులకు కూడా తెలిసివచ్చింది.

విమర్శలు

పరిమాణాన్ని బట్టి తాహతును నిర్ణయించే పద్ధతిని బ్రోకా మానవ సమూహాలకు కూడా వర్తింపజేశాడు. పుర్రెలను కొలిచే సాధనాలు రూపొందించి, మెదడు బరువు బుద్ధికి కొలమానమని నమ్మి, పురుషులకంటే స్త్రీలను, ఐరోపా వాసులకంటే ఇతర జాతులవారిని తక్కువ స్థానంలో ఉంచాడు. బానిసత్వాన్ని వ్యతిరేకించినా, మానవ జాతులకు వేర్వేరు మూలాలున్నాయని వాదించాడు. 1981లో స్టీఫెన్ జే గౌల్డ్ తన గ్రంథంలో, బ్రోకా కొలతలు శ్రద్ధగా తీసుకున్నవే అయినా, ముందే అనుకున్న నిర్ణయానికి అనుగుణంగా వాటిని అన్వయించాడని విమర్శించాడు. ఈ సిద్ధాంతాలను నేటి విజ్ఞానశాస్త్రం తిరస్కరించింది.

మరణం, స్మృతి చిహ్నాలు

1880లో బ్రోకా ఫ్రాన్సు సెనేట్‌లో జీవితకాల సభ్యుడిగా ఎన్నికయ్యాడు. అదే సంవత్సరం జూలై 9న పారిస్‌లో 56 ఏళ్ళ వయసులో మరణించాడు. మోంపర్నాస్ శ్మశానవాటికలో ఇతని సమాధి ఉంది. ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 మంది శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల పేర్లలో ఇతని పేరు ఒకటి. పారిస్‌లో ఒక వీధికి, ఒక ఆసుపత్రికి కూడా ఇతని పేరు పెట్టారు. ఇతరుల మెదళ్ళను భద్రపరిచిన బ్రోకా మెదడును కూడా మరణానంతరం ఒక గాజు సీసాలో భద్రపరిచారు. పారిస్‌లోని మానవ మ్యూజియంలో దానిని చూసిన ఖగోళ శాస్త్రజ్ఞుడు కార్ల్ సాగన్, 1979లో వెలువడిన తన వ్యాస సంపుటికి బ్రోకా మెదడు అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు.