తెగని చెయ్యి

ఒకసారి మా తరగతిలో రంగుల పేర్లు నేర్పుతూ, ఎర్న్‌స్ట్ లుడ్విగ్ కిర్ష్‌నర్ అనే జర్మన్ చిత్రకారుడి బొమ్మ ఒకటి చూపించాము. ముఖం ఏ రంగు, కోటు ఏ రంగు అని అడుగుదామని మా ఉద్దేశం. పిల్లలు మాత్రం రంగులు వదిలేసి, ఆయన చెయ్యి నిజంగానే తెగిపోయిందా అని పట్టుకున్నారు. దానికి జవాబు కావాలంటే ఆయన కథ చెప్పుకోవాలి.

కిర్ష్‌నర్ 1880లో పుట్టారు. తండ్రి కాగితం పరిశ్రమలో ఇంజనీరు. కొడుక్కి బొమ్మలంటే ప్రాణం. అయినా ఇంట్లోవాళ్ళ మాట కాదనలేక డ్రెస్డెన్‌లో ఆర్కిటెక్చర్ చదివారు. (ఈ కథ మన ఇళ్ళల్లో ఎవరికి తెలియదు కనుక!) 1905లో డిగ్రీ చేతికొచ్చింది. అదే ఏడు తోటి విద్యార్థులు ముగ్గురితో కలిసి చిత్రకారుల బృందం పెట్టారు. దాని పేరు డీ బ్రూకె, అంటే వంతెన. కంటికి కనిపించే రంగు కాదు, మనసుకి తోచిన రంగు వెయ్యాలని వాళ్ళ పట్టుదల. తర్వాత ఈ ధోరణికే ఎక్స్‌ప్రెషనిజం అని పేరొచ్చింది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. 1915లో కిర్ష్‌నర్ ఫిరంగి దళంలో శిక్షణకి వెళ్ళారు. యుద్ధరంగం చూడకముందే మనసు చెదిరి, ఒళ్ళు చెడి, కొన్ని నెలలకే బయటికి వచ్చేశారు. ఆ ఏడాదే ఈ బొమ్మ వేశారు. పేరు సైనికుడిగా స్వీయచిత్రం.

ఇప్పుడు రంగులు చూద్దాం. యూనిఫాం ముదురు నీలం. భుజం మీద 75 అని ఆయన రెజిమెంటు నంబరు. కళ్ళల్లో కనుపాపలు లేవు, యూనిఫాం నీలమే అక్కడా నిండింది. అంటే కోటు మనిషి లోపలికి కూడా వెళ్ళిపోయిందని మాకు అనిపిస్తుంది. ముఖం జబ్బుపడినట్టు పసుపు, నోట్లో సిగరెట్టు. వెనక మోడల్‌గా నిలబడిన స్త్రీ, పక్కన కాన్వాసు. చిత్రకారుడికి కావలసినవన్నీ గదిలో ఉన్నాయి, కుంచె పట్టే కుడి చెయ్యి తప్ప. మణికట్టు దగ్గర తెగి ఎర్రగా ఉంది.

పిల్లలూ, ఆ చెయ్యి ఎప్పుడూ తెగలేదు. ఈ బొమ్మ వేసింది ఆ చేతితోనే! ఇక బొమ్మలు వెయ్యలేనేమో అన్న భయానికి ఆయన ఇచ్చిన రూపం అది.

తర్వాత స్విట్జర్లాండ్‌లోని దావోస్ కొండల్లో స్థిరపడ్డారు. చెయ్యి బాగానే ఉంది, బొమ్మలు వేస్తూనే ఉన్నారు. కానీ 1937లో హిట్లర్ ప్రభుత్వం ఆయన బొమ్మలు ఆరు వందలకు పైగా మ్యూజియంల నుంచి లాగేసుకుంది. కొన్నిటిని వెక్కిరించడానికే ప్రదర్శనకి పెట్టింది. వాటిలో ఇదీ ఉంది. 1938 జూన్‌లో కిర్ష్‌నర్ తన ప్రాణం తానే తీసుకున్నారు.

బొమ్మ మాత్రం బతికింది. అమెరికా చేరి, 1950లో ఒహాయోలోని ఓబర్లిన్ కాలేజీ మ్యూజియం సొంతమయింది. ఎత్తు 27 అంగుళాలే. అటు వెళ్ళేవాళ్ళు, అది గోడ మీద ఉందో లేదో ముందుగా ఫోన్ చేసి కనుక్కొని వెళ్ళండి.