మగ్గంతో పాటు మనిషినీ లెక్కలోకి తీసుకున్న విక్రమ్ సారాభాయ్

సూరత్‌లోని లింబాయత్ వీధుల్లో తెలుగు వినిపించడం కొత్త విషయమేమీ కాదు. ఉమ్మడి కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల పద్మశాలీ కుటుంబాలు దశాబ్దాల కిందటే అక్కడికి వెళ్లి స్థిరపడ్డాయి. సిరిసిల్లలో సాంచెలు అని పిలిచే మరమగ్గాలే అక్కడా వాళ్ల బతుకుతెరువు. ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చినవాళ్లు అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. చాలా షెడ్లలో పన్నెండు గంటల షిఫ్టు నడుస్తుంది. నేసినంత బట్టకే కూలి, ఒక్కొక్కరు చూసుకోవాల్సిన మగ్గాలు అనేకం. పక్కవాడి మాట వినబడనంత మోతలో ఏ మగ్గంలో పోగు తెగింది, ఎక్కడ కండె అయిపోవచ్చింది అని కళ్లు తిరుగుతూనే ఉండాలి. చేతులకు పడే శ్రమ కంటే బుర్రకు పడే శ్రమ ఎక్కువ. ఆ బరువును కిలోల్లో తూచలేం.

ఒక మనిషి దృష్టి ఎన్ని యంత్రాలను మోయగలదు? యంత్రాన్ని మార్చినప్పుడు దాని పక్కన నిలబడే మనిషికి ఏమవుతుంది? సూరత్‌కు ఉత్తరాన రెండు వందల అరవై కిలోమీటర్ల దూరంలోని అహ్మదాబాద్‌లో, స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే ఈ తరహా ప్రశ్నలు వేసే సంస్థ ఒకటి తయారైంది. దాన్ని నిలబెట్టిన వ్యక్తిని దేశం ఇప్పుడు రాకెట్ల పేరుతో గుర్తుపెట్టుకుంది. ఆయన విక్రమ్ సారాభాయ్.

1919 ఆగస్టు 12న అహ్మదాబాద్‌లో అంబాలాల్, సరళాదేవి దంపతుల ఎనిమిది మంది పిల్లల్లో ఒకడిగా విక్రమ్ పుట్టాడు. కాలికో మిల్లులు ఆ కుటుంబానివి. పిల్లల్ని బడికి పంపకుండా మాంటిస్సోరి పద్ధతిలో ఇంట్లోనే చదివించారు. చెప్పుకోవాల్సింది మాత్రం వాళ్ల ఐశ్వర్యం గురించి కాదు, ఆ ఇంట్లో నడిచిన ఒక తగువు గురించి. విక్రమ్ పుట్టడానికి ఏడాది ముందు, 1918లో, అహ్మదాబాద్ మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ప్లేగు రోజుల్లో ఇచ్చిన బోనస్‌ను యజమానులు ఆపేశారు. దానికి బదులు వేతనం పెంచాలని కార్మికుల డిమాండ్. యజమానుల తరఫున నిలిచిన ముఖ్యుల్లో అంబాలాల్ ఒకరు. కార్మికుల పక్షాన గాంధీతో కలిసి నిలబడింది ఆయన సొంత అక్క అనసూయ. చివరికి మధ్యవర్తి 35 శాతం పెంపు ఇవ్వాలని తీర్పు చెప్పారు. ఆ తర్వాత రెండేళ్లకు మజూర్ మహాజన్ కార్మిక సంఘం ఏర్పడింది. అంబాలాల్, అనసూయల మధ్య మాటలు మాత్రం తెగలేదు. మిల్లు లెక్కలూ, మిల్లు కూలీ కష్టమూ రెండూ తెలిసిన ఇంట్లో పెరగడం విక్రమ్ తర్వాతి పనులకు కొంత కారణమై ఉంటుందనుకోవడం తప్పు కాదు.

చదువు గురించి క్లుప్తంగా చెప్పొచ్చు. గుజరాత్ కాలేజీ, ఆపైన కేంబ్రిడ్జ్. రెండో ప్రపంచ యుద్ధం మొదలవడంతో తిరిగొచ్చి బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి.వి.రామన్ దగ్గర విశ్వకిరణాలపై పరిశోధన. హోమీ భాభాతో పరిచయం అక్కడే. 1942లో నర్తకి మృణాళినితో పెళ్లయింది. యుద్ధం ముగిశాక మళ్లీ కేంబ్రిడ్జ్ వెళ్లి 1947లో డాక్టరేట్ అందుకున్నాడు. అదే ఏడాది నవంబరులో అహ్మదాబాద్‌లో ఫిజికల్ రిసెర్చ్ లేబొరేటరీ మొదలుపెట్టాడు.

ఆ సంవత్సరమే ఇంకో బాధ్యత వచ్చి పడింది. కస్తూర్‌భాయ్ లాల్‌భాయ్ వంటి మిల్లు యజమానులు కలిసి పరిశోధన సంస్థ పెట్టాలని అనుకున్నారు. అదే అహ్మదాబాద్ టెక్స్‌టైల్ ఇండస్ట్రీస్ రిసెర్చ్ అసోసియేషన్, పొట్టిగా అటిరా. దాన్ని నడిపే పని ఇరవై ఎనిమిదేళ్ల భౌతిక శాస్త్రవేత్త చేతిలో పెట్టారు. నేత సాంకేతికత ఆయన రంగం కాదు. పైగా ఆయన తీసుకున్న వాళ్లలోనూ చాలామంది మిల్లు గడప తొక్కని కుర్ర పరిశోధకులే. ఇది చూసి పాతకాపులు పెదవి విరిచారు. తరతరాలుగా మిల్లు నడుపుతున్న మేనేజర్‌కు బట్ట ఎలా నేయాలో ప్రయోగశాల కుర్రాడు చెప్పడమేమిటన్నది వాళ్ల అభ్యంతరం. అందులో కొంత న్యాయం లేకపోలేదు కూడా.

అటిరాలో ఎదురైన మొదటి సమస్య ఇక్కడే మొదలైంది. ప్రయోగశాలలో ఒక మెరుగైన పద్ధతి తేలుతుంది. నివేదిక మిల్లుకు వెళ్తుంది. అక్కడ ఎవరూ దాన్ని అమలు చెయ్యరు. పద్ధతిలో లోపం లేదు. దాన్ని వాడాల్సిన మేస్త్రీకి, సూపర్‌వైజర్‌కు, కార్మికుడికి అది తమ పనిని ఎటు తీసుకెళ్తుందో తెలియదు. కూలి తగ్గుతుందేమో, పక్కవాడి ఉద్యోగం పోతుందేమో అన్న భయం ఉంటుంది. సారాభాయ్ దీన్ని మొండితనమని కొట్టిపారేయలేదు. అది కూడా పరిశోధించాల్సిన విషయమేనని గుర్తించాడు. భౌతిక, రసాయన, గణాంక విభాగాల సరసన మానవ సంబంధాల విభాగాన్ని పెట్టించాడు. నూలు బలాన్ని కొలిచే సంస్థలో మనస్తత్వ శాస్త్రవేత్తలకు కుర్చీ వేయడం అప్పటికి మన దేశంలో అరుదైన నిర్ణయం.

ఆ విభాగానికి సారథ్యం వహించింది కమలా చౌదరి. లాహోర్‌లో పుట్టి, చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో సాంఘిక మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేట్ చేసి వచ్చిన మహిళ. మగవాళ్లే నడిపే మిల్లుల్లోకి ఆమె బృందం వెళ్లి కార్మికుల అభిప్రాయాలనూ, సూపర్‌వైజర్ల తీరునూ అధ్యయనం చేసింది. సారాభాయ్ చేసిన మేలంటే ఈ పనిని అలంకారంగా కాక అటిరా ప్రధాన పనుల్లో ఒకటిగా చూడటం.

ఆ ఆలోచన ఎంత దూరం వెళ్లగలదో పక్కనే ఉన్న కాలికో మిల్లులో తేలింది. అది విక్రమ్ ప్రయోగం కాదు. మిల్లును చూసుకుంటున్న అన్న గౌతమ్ సారాభాయ్ 1953లో లండన్‌లోని టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె.రైస్‌ను రప్పించాడు. సమస్య ఏమిటంటే కొత్తగా ఆటోమేటిక్ మగ్గాలు పెట్టినా ఆశించిన ఫలితం రావడం లేదు. ఆ షెడ్‌లో 224 మగ్గాలకు 29 మంది పనివాళ్లు, వాళ్లకు పన్నెండు రకాల ఉద్యోగాలు. టైమ్ స్టడీలు చేసి ఏ పని ఎంతసేపు పడుతుందో లెక్కగట్టి పంచారు. కాగితం మీద అంతా సరిపోయింది.

షెడ్‌లో మాత్రం నేతగాడికి పాతిక ముప్పై మగ్గాలు, కండెలు నింపేవాడికి నలభై యాభై, పెద్దగా తెగిన పడుగును అతికేవాడికి అంతకన్నా ఎక్కువ. ఎవరి హద్దులూ మరొకరి హద్దులతో కలవవు. దాంతో ఒక నేతగాడు ఒకే రోజులో వేర్వేరు సహాయకుల మీద ఆధారపడాలి. ఆ సహాయకుడూ ఒకేసారి పలువురు నేతగాళ్లకు జవాబు చెప్పాలి. నూలు రకం మారి పోగులు ఎక్కువగా తెగడం మొదలైతే, వేసిన లెక్కంతా తలకిందులు. ఎక్కడికి ముందు పరుగెత్తాలో తేల్చుకోవడమే ఒక అదనపు పని. ఆ అదనపు పని ఏ టైమ్ స్టడీలోనూ నమోదు కాలేదు. మానసిక పనిభారం అని ఇప్పుడు పరిశోధకులు పిలిచేది సరిగ్గా ఇదే.

మగ్గాలను విడగొట్టి, 64 మగ్గాలకు ఏడుగురు చొప్పున ఒక బృందం అన్నది రైస్ ముందుపెట్టిన ఆలోచన. ఆ బృందంలో ఎవరు ఏం చేయాలో వాళ్లే చూసుకుంటారు. ఆసక్తి కలిగించే సంగతి ఏమిటంటే, సూపర్‌వైజర్లూ కార్మికులూ ఆ ఆలోచనను తమదిగా చేసుకుని, పైనుంచి ఉత్తర్వు కోసం ఆగకుండా త్వరలోనే బృందాలు కట్టుకున్నారు. మొదట్లో తడబాట్లు వచ్చాయి. తర్వాత మగ్గాల సామర్థ్యం పెరిగింది, పాడైన బట్ట తగ్గింది. 1958లో రైస్ దీన్ని పుస్తకంగా తెచ్చాడు. ప్రపంచవ్యాప్తంగా పని వ్యవస్థల గురించి చదివేవాళ్లకు అహ్మదాబాద్ ప్రయోగం అనే పేరు దాంతోనే తెలిసింది. 1970 ప్రాంతంలో ఎరిక్ మిల్లర్ మళ్లీ వెళ్లి చూసేసరికి ఒక షెడ్‌లో బృంద పద్ధతి దాదాపు అలాగే ఉంది. మిగతా చోట్ల పాత పద్ధతి వైపు జారింది. మనుషులను కలుపుకుని చేసిన మార్పును నిలబెట్టడానికీ మనుషులే కావాలి.

విక్రమ్ 1956లో అటిరా బాధ్యత వదిలాడు. ఆ నమూనాను చూసి కోయంబత్తూరు, బొంబాయి వంటి నేత కేంద్రాల్లోనూ పరిశోధన సంఘాలు వచ్చాయి. ఆయన వేరే పనుల్లోకి వెళ్లినా అలవాటు పోలేదు. బరోడాలో సారాభాయ్ కెమికల్స్‌ను నడుపుతూ 1960లో ఆపరేషన్స్ రిసెర్చ్ గ్రూప్ పెట్టాడు. 1961లో ఐఐఎం అహ్మదాబాద్ స్థాపనలో ముఖ్య పాత్ర పోషించాడు. కమలా చౌదరి అక్కడి తొలి అధ్యాపకుల్లో ఒకరయ్యారు.

ఆ తర్వాతి దశ తెలుగు పాఠకులకు సుపరిచితమే. 1963 నవంబరు 21న తుంబా నుంచి తొలి రాకెట్ ఎగిరింది. 1966లో భాభా విమాన ప్రమాదంలో చనిపోయాక అణుశక్తి సంఘం అధ్యక్షత ఆయనపై పడింది. 1967లో హైదరాబాద్‌లో ఎ.ఎస్.రావు నాయకత్వంలో ఈసీఐఎల్ మొదలైంది ఆయన హయాంలోనే. 1969లో శ్రీహరికోటను ఎంపిక చేశారు. 1971 అక్టోబరులో అక్కడి నుంచి చిన్న రోహిణి రాకెట్‌ను ప్రయోగించారు. 1969లో నాసాతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ఉపగ్రహ టీవీ వచ్చింది 1975లో. అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. అది చూడటానికి ఆయన లేడు. ఆ ప్రాజెక్టులో యాంటెన్నాలతో పాటు సామాజిక పరిశోధకులు కూడా పల్లెలకు వెళ్లారు. అటిరా కాలం నాటి పట్టు ఇక్కడా కనిపిస్తుంది. యంత్రం ఎలా పనిచేసిందన్నదొక ప్రశ్న. దాని ముందు కూర్చున్నవాళ్లకు ఏమైందన్నది ఇంకో ప్రశ్న.

తన సొంత పనిభారాన్ని మాత్రం ఆయన లెక్క కట్టినట్టు లేదు. అణుశక్తి సంఘం, అంతరిక్ష కార్యక్రమం రెండూ ఒకే మనిషి చేతిలో. అహ్మదాబాద్, బొంబాయి, ఢిల్లీ, తిరువనంతపురం మధ్య ఆగని ప్రయాణాలు. 1971 డిసెంబరు 30న కోవళంలో ఆయన నిద్రలోనే కన్నుమూశాడు. వయసు 52. ఆ రోజే తిరువనంతపురం విమానాశ్రయంలో ఆయనను కలవాల్సిన అబ్దుల్ కలామ్‌కు, దిగగానే తెలిసింది మరణవార్త. ఆ తర్వాత అణుశక్తి, అంతరిక్షం బాధ్యతలను ఒకరికే అప్పగించలేదు.

మరి అటిరా వేసిన ప్రశ్న ఏమైంది? 1980లు వచ్చేసరికి అహ్మదాబాద్ మిల్లులు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. కాలికో కూడా 1990ల చివర్లో ఆగిపోయింది. నేత పని సూరత్, భివండీ వంటి చోట్ల విడివిడి మరమగ్గాల షెడ్లకు చేరింది. పరిశోధన సంస్థ ఫలితాలను అడగడానికి, డబ్బు పెట్టడానికి మిల్లు ఉండేది. యూనియన్ ఉండేది. రెంటి మధ్య మాట్లాడటానికి రికార్డు ఉండేది. కొద్దిపాటి మగ్గాలతో చిన్న చిన్న యూనిట్లుగా నడిచే షెడ్‌లో అవేవీ లేవు. ఫ్యాక్టరీ చట్టం కిందికి రాకుండా యూనిట్లను చిన్నవిగా చూపించడం కూడా మామూలే. మానసిక పనిభారాన్ని కొలవడానికి సాధనాలు లేవా అంటే ఉన్నాయి. పైలట్ల కోసం 1980లలో నాసా పరిశోధకులు తయారుచేసిన టీఎల్ఎక్స్ అనే కొలమానం ఆరు అంశాలు అడుగుతుంది. బుర్రకు ఎంత పని పడింది, ఒంటికి ఎంత, సమయం ఎంత తరిమింది, పని ఎంత బాగా అయింది, ఎంత కష్టపడాల్సి వచ్చింది, ఎంత విసుగొచ్చింది. ఆస్పత్రుల్లో నర్సులకూ, కార్లు నడిపేవాళ్లకూ ఇది వాడుతున్నారు. అడగడానికి కాగితం, పెన్ను చాలు.

సూరత్‌లోనూ నేత పరిశోధన సంస్థ ఉంది, పేరు మంత్రా. సింథటిక్ నూలు, బట్ట దాని రంగం. నగరంలో తిరుగుతున్న లక్షల మరమగ్గాల యజమానులు అటిరాను పోషించిన మిల్లు యజమానుల్లా వేళ్లమీద లెక్కపెట్టగలిగేంత మంది కారు. షిఫ్టు దిగాక లింబాయత్ గదికి చేరిన తెలుగు కార్మికుడికి ఆ ఆరు ప్రశ్నలు ఎవరి తరఫున, ఎవరి ఖర్చుతో వేయాలన్నది ఇప్పటికీ తేలలేదు.