చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్

ఎండలు మండు మన పాలమూరు, నల్లగొండ సీమలవారికి నార్వే దేశపు చలికాలము ఊహకందదు. అచ్చటి రాజధానియందు డిసెంబరు మాసమున పగలు సుమారు ఆరు గంటలు మాత్రమే. అట్టి చీకటి దినములయందు, రోగము విడువని ఒక ఇంటిలో పెరిగిన బాలుడు లోకప్రసిద్ధుడగు చిత్రకారు డయ్యెను. అతడే ఎడ్వర్డ్ ముంక్.

ఇతడు 1863వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన లోటెన్ అను చోట జన్మించెను. తండ్రి క్రిస్టియన్ ముంక్ సైన్యమందు వైద్యుడు. మరుసటి సంవత్సరమే ఆ కుటుంబము క్రిస్టియానియా నగరము చేరెను. 1925 మొదలు ఆ నగరమునకు ఓస్లో అని పేరు. సంతానము ఐదుగురు, సోఫీ పెద్దది, ఎడ్వర్డ్ రెండవవాడు.

ఎడ్వర్డునకు ఐదేండ్లు నిండిన కొద్దిదినములకే, 1868 డిసెంబరులో, తల్లి క్షయరోగముచే మరణించెను. పినతల్లి కారెన్ వచ్చి పిల్లలను సాకెను. బాలునకు బొమ్మలు వ్రాయుటయందు ప్రోత్సాహ మిచ్చినదియు ఆమెయే. అతడు తరచు దగ్గుతో, జ్వరముతో మంచము పట్టి, బడికి పోజాలక, బొమ్మలు వ్రాసికొనుచు కాలము గడుపుచుండెను. 1877లో అక్క సోఫీయు పదునైదేండ్ల ప్రాయమున అదే రోగముచే మరణించెను. క్షయకు కారణమగు సూక్ష్మజీవిని కాక్ పండితుడు కనుగొనినది 1882లో. దానికి తగిన మందు దొరకినది మరి అరువది యేండ్లకు. కావున తండ్రి వైద్యుడై యుండియు భార్యను గాని కూతును గాని దక్కించుకొనలేకపోయెను.

ఈ దుఃఖము తండ్రి మనస్సును క్రుంగదీసెను. అతడు స్వభావముచే కఠినుడు కాడు; పిల్లలను చుట్టును కూర్చుండబెట్టుకొని కథలు చదివి వినిపించువాడు. కాని భార్య పోయిన పిదప మనోవ్యాకులత అతనిని పట్టుకొనెను. భక్తి ఊరటగా గాక భయముగా మారెను. చిన్న తప్పునకే ఉగ్రుడగుచుండెను. ఆ భయము పిల్లలకును అంటెను. చెల్లెలు లారా చిత్తరోగమునకు లోనయ్యెను. రోగమును ఉన్మాదమును తన వంశమునకు సొత్తులని ఎడ్వర్డ్ చిరకాలము వెరచుచుండెను.

1879లో అతడు ఇంజనీరింగు విద్యకై చేరి, మరుసటి సంవత్సరమే విడిచి, చిత్రకళ నభ్యసించెను. 1885-86 సంవత్సరములలో తన అక్క మరణమును తలచుకొని ‘రోగియగు బాలిక’ అను పటమును వ్రాసెను. తలగడ నానుకొనిన బాలిక, ప్రక్కన తల వంచిన స్త్రీ, అంతియే. వ్రాసినది గీకివైచి మరల వ్రాయుచు చాలకాలము శ్రమించెను. 1886లో ప్రదర్శనమున దానిని జూచి జనులు పరిహసించిరి. అతడు మాత్రము నలువది సంవత్సరములలో అదే విషయమును ఆరుమారులు చిత్రించెను.

1889లో తండ్రి మరణించినపుడు ముంక్ ఫ్రాన్సు దేశమున నుండి అంత్యక్రియలకైనను రాజాలకపోయెను. 1893లో రోగి గదియందలి మరణమును చిత్రించుచు, అందు చేతులు జోడించి నిలిచిన తండ్రిని గూడ చేర్చెను. అక్క పోయిననాడు బాలురైన తోబుట్టువులు ఆ పటమున పెద్దవారై కనబడుదురు. ఏండ్లు గడచినను ఆ గది వారిని విడువలేదని భావము. ప్రసిద్ధమగు ‘ఆక్రందనము’ వ్రాసినదియు ఆ యేటనే.

1908లో మద్యపానముచేతను మనోవ్యథచేతను అతడు కూలిపోయి, కోపెన్‌హాగెన్ నగరమున ఎనిమిది మాసములు చికిత్స పొందెను. స్వస్థుడై తిరిగి వచ్చి, ఓస్లో విశ్వవిద్యాలయపు సభాభవనమునకై గొప్ప పటములను వ్రాసెను. అవి 1916లో ఆవిష్కరింపబడెను. వాని నడుమ, బండలమీదుగా సముద్రముపై ఉదయించు సూర్యుడు. కొండబండలపై ప్రొద్దుపొడుపును నిత్యము చూచు మనకు ఆ పటము పరాయిది కాదు. 1944 జనవరి 23వ తేదీన, తన 80వ యేట, అతడు మరణించెను. సుమారు 1,100 వర్ణచిత్రములతోపాటు తనయొద్ద నున్న కృతులన్నియు ఓస్లో నగరమునకు వ్రాసియిచ్చెను.

విద్యార్థులారా! తండ్రికొడుకులకు కలిగిన దుఃఖ మొక్కటియే. తండ్రి దానిని లోననే మ్రింగుకొని రోగి యయ్యెను. కుమారుడు దానిని పదిమంది యెదుట పెట్టి, పరిహాసమును సహించి, తుదకు వెలుగును జూచెను. నేడు క్షయకు మందు కలదు. తల్లినో తోబుట్టువునో పోగొట్టుకొనిన దుఃఖమునకు మాత్రము మందు లేదు. అది కలవారు ఒంటరిగా మోయవలదని ఈ చిత్రకారుని జీవితము తెలుపుచున్నది.