దేశింగు రాజు గుర్రానికీ ఒక సమాధి

తిరువణ్ణామలై నుంచి దిండివనం వెళ్లే దారిలో మూడు కొండల మీద సెంజి కోట కనిపిస్తుంది. మన పెద్దలు దీన్నే చెంజి, జింజీ అనేవారు. ఈ కోటను ఏలిన వారిలో జనం నోట ఎక్కువగా నిలిచిన పేరు దేశింగు రాజు. ఆయన ఏలినది నిండా ఏడాది కూడా లేదు.

అసలు పేరు తేజ్‌సింగ్. బుందేలా రాజపుత్రుడు. 1698లో మొగలులు మరాఠాల నుంచి సెంజిని గెలుచుకున్నాక, ఔరంగజేబు ఈయన తండ్రి స్వరూప్‌సింగ్‌కు కోట అప్పగించాడు. 1714లో తండ్రి పోగానే తేజ్‌సింగ్ కోటకు వచ్చాడు. ఆర్కాటు నవాబు సాదతుల్లా ఖాన్ పాత బకాయిలు కట్టమన్నాడు. ఈయన ససేమిరా అన్నాడు. నవాబు పెద్ద సేనతో దండెత్తి వచ్చాడు.

జానపద కథలో దేశింగు గుర్రం పేరు పారసారి. ఢిల్లీలో ఎవరికీ లొంగని ఆ గుర్రాన్ని చిన్న వయసులోనే ఆయన లొంగదీశాడని చెబుతారు. ప్రాణమిత్రుడు మహబత్ ఖాన్ పెళ్లి పీటల మీద నుంచి లేచి యుద్ధానికి వచ్చాడనీ, అతని గుర్రం నీలవేణి అనీ కథ.

1714 అక్టోబరు 3న పోరు జరిగింది. అటు వేలమంది, ఇటు కొద్దిమంది. ఆ రోజే దేశింగు, మహబత్ ఖాన్, గుర్రం ముగ్గురూ నేలకొరిగారు. అప్పటికి రాజు వయసు సుమారు 22 ఏళ్లు.

గెలిచిన నవాబు ఓడినవాణ్ణి అవమానించలేదు. రాజలాంఛనాలతో దహనం చేయించాడు. రాణి సహగమనం చేసింది. ఆమె పేరు మీదే ఆర్కాటుకు ఎదురుగా, పాలారు ఆవలి ఒడ్డున, రాణిపేట వెలసిందని చెబుతారు.

సెంజి దగ్గర కడలి గ్రామంలో మహబత్ ఖాన్ సమాధినీ, గుర్రం సమాధినీ ఊరివాళ్లు ఇప్పటికీ చూపిస్తారు. రాజు హిందువు, మిత్రుడు ముసల్మాను, మూడోది నోరులేని జీవం. జనం ముగ్గురినీ ఒకే కథలో కలిపి ఉంచారు. యజమాని తగువులో గుర్రానికి ఏ పాలూ లేదు. కప్పం సంగతి దానికి తెలియదు. అయినా ప్రాణం ఇచ్చింది. ఆ రుణం గుర్తుపెట్టుకున్నందుకే ఆ సమాధి.

ఈ కథ తమిళంలో తెరుక్కూత్తుగా, తెలుగులో బుర్రకథగా ఊరూరా తిరిగింది. 1960లో ఎం.జి. రామచంద్రన్ నటించిన తమిళ సినిమా కూడా వచ్చింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మన పిల్లలకు ఇది రెండు వైపుల నుంచీ అందే కథ. 2025లో సెంజి కోట యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కొండెక్కి కోట చూసి వచ్చేవారు ఇక పెరుగుతారు. ఈసారి పిల్లలతో వెళ్లినప్పుడు కడలి దాకా కూడా వెళ్లండి. ఆ గుర్రం కథ అక్కడే నిలబడి చెప్పండి. చెప్పేవారు లేకపోతే అది ఉత్త మట్టిదిబ్బగానే మిగులుతుంది.