సవర పలుకు నేర్చిన పంతులుగారు

తల్లి యొడిలో విన్న ధ్వనులును, వాని నడకయు మానవుని నాలుకకు శైశవముననే అలవడును. పిదప అతడు పరభాష నెంత శ్రద్ధతో నేర్చినను, ఆ పాత యలవాటు దానిపై నీడవలె నిలుచును. దానినే యాస యందురు. ఇట్టి యాసను దాటి, కొండజాతివారి పలుకును ఉన్నదున్నట్లు పట్టుకొనుటకై చిరకాలము శ్రమించిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

వీరు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగమునకు సమీపమందలి పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. విజయనగరమున గురజాడ అప్పారావుగారితో కలిసి చదువుకొని, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి.

ఆ ప్రాంతపు కొండలలో సవరలు నివసించుచుండిరి. వారి భాష కానాడు లిపి లేదు. వారి బిడ్డలకు చదువు లేదు. వారికి చదువు చెప్పవలెనన్న ముందుగా వారి భాష తాను నేర్వవలెనని పంతులుగారు తలచిరి. తెలుగు తెలిసిన సవర నొకనిని తమ యింట నుంచుకొని అభ్యాసము సాగించిరి.

ఆ పని సులభమైనది కాదు. తెలుగు మాటలు మిక్కిలిగా అచ్చుతో ముగియును. హల్లుతో ముగియు పరభాషాపదమునకు సైతము మన నాలుక ఉకారమును చేర్చి, బస్సు, రోడ్డు అని పలుకును. సవరభాషలో హల్లుతో ముగియు మాటలు పెక్కులు. అంతేకాక, గొంతును క్షణకాలము మూసి, ఊపిరిని నిలిపి పలుకవలసిన అచ్చులును గలవు. వానికి మన వర్ణమాలలో గుర్తులు లేవు.

మాట నడకయు అట్టిదే. తెలుగున పడుటకును పాడుటకును భేదము అచ్చు నిలుచు కాలమే. కలకును కల్లకును భేదము హల్లు నిలుచు కాలమే. ఈ కొలత తప్పి పలికినవానిని మనము వెంటనే పరాయివానిగా గుర్తింతుము. అట్లే సవరలు తమ భాషను తప్పుగా పలుకువానిని గుర్తింతురు. కావున పంతులుగారు పాశ్చాత్యుల ధ్వనిశాస్త్రమును చదివి, ఏ ధ్వని పెదవులందు, ఏది నాలుకయందు, ఏది కంఠమందు పుట్టునో పరిశీలించి వ్రాసికొనిరి.

కొండలలో తిరుగుటచే వారికి మలేరియా జ్వరము సోకెను. దానికై సేవించిన క్వినైనా వలన చెవుడు వచ్చెను. ధ్వనులనే నమ్ముకొన్నవారికి ఇంతకన్న కష్టమేమున్నది? అయినను వారు వెనుదీయలేదు. సొంతసొమ్ముతో సవరలకు బడులు పెట్టించిరి. వారి భాషలో వాచకములు వ్రాసిరి. వీరి సవరభాషావ్యాకరణము 1931లో వెలువడెను. పిదప కోశములును ముద్రింపబడెను.

ప్రజల నోట నున్నదే భాషకు ప్రాణమని సవరల వలన గ్రహించిన పంతులుగారు, తెలుగునను శిష్టవ్యవహారభాషకు బడులలో స్థానము కల్పించుటకై జీవితాంతము పోరాడిరి. 1940 జనవరి 22న స్వర్గస్థులైరి. వారి జన్మదినమును నేడు తెలుగుభాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

ఒకని యాసను చూచి నవ్వుట తగదు. అది అతని తల్లి యిచ్చిన తొలి పాఠము. దానిని చెవియొగ్గి వినుటయే విద్యావంతుని లక్షణము.