వర్గం లేని ముఖ్యమంత్రి సంజీవయ్య
పెదపాడు నుంచి కాంగ్రెస్ అధ్యక్ష పీఠం దాకా

కర్నూలు: దేశంలో ముఖ్యమంత్రి పదవిని అధిష్ఠించిన తొలి దళితుడు దామోదరం సంజీవయ్య కర్నూలు జిల్లా బిడ్డ. అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడైన తొలి దళితుడు కూడా ఆయనే. కులబలం, భూబలం, అనుచరగణం ఉన్నవారికే నాయకత్వం దక్కుతున్న రోజుల్లో ఈ మూడూ లేని ఆయన రాష్ట్ర సారథి కావడం, రెండేళ్లకే ఆ పదవికి దూరం కావడం నాటి రాజకీయాల తీరుకు అద్దం పడతాయి.

పేదరికంలో విద్యాభ్యాసం

కల్లూరు మండలం పెదపాడులో 1921 ఫిబ్రవరి 14న మునయ్య, సుంకులమ్మ దంపతులకు సంజీవయ్య జన్మించారు. పసితనంలోనే తండ్రి మరణించారు. సొంత భూమి లేని ఆ మాల కుటుంబం కూలి పనులతో పొట్ట పోసుకునేది. కొంతకాలం మేనమామ ఇంట తలదాచుకున్నారు. అన్న చిన్నయ్య అండగా నిలిచి చదివించారు. కర్నూలు మునిసిపల్ ఉన్నత పాఠశాలలో చదువు ముగించి, అనంతపురం దత్తమండల కళాశాలలో పట్టభద్రులయ్యారు. చిన్నాచితకా ఉద్యోగాలు చేసిన పిదప మద్రాసులో న్యాయశాస్త్రం అభ్యసించి 1950లో న్యాయవాదిగా నమోదయ్యారు.

రిజర్వేషన్ తెరచిన ద్వారం

అదే ఏడాది తాత్కాలిక పార్లమెంటు సభ్యత్వం లభించింది. 1952 ఎన్నికల్లో కర్నూలు జిల్లా నుంచి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. రాజాజీ మంత్రివర్గంలో చేరేనాటికి ఆయన వయసు 31 ఏళ్లు. మంత్రివర్గంలో హరిజనులకు స్థానం ఉండాలన్న ఆనవాయితీ ఆయనకు తలుపు తెరచిందన్నది వాస్తవం. అయితే లోపల నిలబెట్టింది ఆయన సామర్థ్యమే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత ప్రకాశం పంతులు, బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి మంత్రివర్గాలలోనూ ఆయనకు బాధ్యతలు దక్కాయి. ముఖ్యమంత్రులు మారినా ఆయన మంత్రిగా కొనసాగారు.

ముఠాల నడుమ ముఖ్యమంత్రి

సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షులుగా వెళ్లడంతో ముఖ్యమంత్రి స్థానం ఖాళీ అయింది. పార్టీ అప్పటికే ముఠాలుగా చీలి ఉంది. ఒక వర్గం నేతను ఎన్నుకుంటే మరో వర్గం సహించే పరిస్థితి లేదు. ఏ ముఠాకూ అధిపతి కాని సంజీవయ్య వైపు అధిష్ఠానం మొగ్గింది. రాయలసీమ వాసి కావడమూ కలిసివచ్చింది. 1960 జనవరి 11న ప్రమాణం చేసేనాటికి ఆయనకు 39 ఏళ్లు నిండలేదు.

సొంత వర్గం లేకపోవడం పదవి తెచ్చిపెట్టినా, పదవిలో ఉన్నంతకాలం అదే ఇబ్బందిగా మారింది. ఏ.సి. సుబ్బారెడ్డి వర్గం ఆయనకు ఎదురు నిలిచింది. శాసనసభ్యులను తన వెంట నడిపించుకోవడానికి ఆయనకు బంధుబలగం లేదు, ఎన్నికల ఖర్చు భరించే ఆస్తులూ లేవు. అయినా ఆయన పాలన నామమాత్రంగా సాగలేదు. వృద్ధాప్య పింఛన్లు ఆయన హయాంలోనే మొదలయ్యాయి. భూమిలేని పేదలకు బంజరు భూములు పంచారు. ఉద్యోగుల అవినీతిని అరికట్టేందుకు 1961లో అవినీతి నిరోధక శాఖ ఏర్పాటైంది.

గెలిచినా దక్కని పీఠం

1962 ఎన్నికల్లో సంజీవయ్య కోడుమూరు నుంచి విజయం సాధించారు. కాంగ్రెస్ తిరిగి అధికారంలోకి వచ్చింది. కానీ మార్చి 12న సంజీవరెడ్డి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. రాజీ అభ్యర్థి అవసరం తీరిపోయింది. తనకోసం పట్టుబట్టే వర్గం లేని నాయకుడు తప్పుకోక తప్పలేదు. ఆ ఏడాదే ఆయనకు కాంగ్రెస్ అధ్యక్ష పదవి లభించింది. ఇద్దరు నాయకుల స్థానాలు ఇలా తారుమారయ్యాయి.

1964లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. కార్మికులకు బోనస్‌ను హక్కుగా చేసిన 1965 నాటి చట్టం ఆయన మంత్రిగా ఉండగా వచ్చినదే. తన అనుభవాలతో కార్మిక సమస్యలపై ఆంగ్లంలో గ్రంథం రచించారు. 1971లో రెండోసారి కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. ఆ పదవిలో ఉండగానే 1972 మేలో ఢిల్లీలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 51 ఏళ్లు.

పేర్లు మిగిలాయి

హుస్సేన్‌సాగర్ తీరాన ఉద్యానవనానికి, విశాఖపట్నంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి, నెల్లూరు జిల్లాలో థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. శతజయంతి 2021లో జరిగింది. అయితే ఆయన తరువాత ఉమ్మడి రాష్ట్రంలో గాని, 2014లో విడిపోయిన రెండు రాష్ట్రాలలో గాని మరో దళితుడు ముఖ్యమంత్రి కాలేదు. రిజర్వుడు స్థానాలు శాసనసభ్యులను, మంత్రులను తయారు చేస్తున్నా, ముఖ్యమంత్రిని ఎన్నుకునే చోట వర్గబలం లెక్కే నేటికీ పైచేయిగా ఉంది. పెదపాడు కూలి కుటుంబం నుంచి వచ్చిన సంజీవయ్య ఒక్కసారి ఆ లెక్కను తప్పించగలిగారు.