జాషువ మహాకవి

ఈశ్వరుఁడు ప్రతిభ నొసఁగునపుడు కులము నడుగఁడు. అడుగువారము మనమే.

1895 సెప్టెంబరు 28 వ తేదీన, నేఁటి పల్నాడు జిల్లాలోని వినుకొండయందు వీరయ్య, లింగమ్మ దంపతులకు జాషువగారు జన్మించిరి. తలిదండ్రులు వేర్వేఱు కులములవా రగుటచే బాల్యమున అవమానములే యెదురయ్యెను. అయినను బొమ్మలు గీయుట, పాడుట యా బాలునకు సహజముగా నబ్బినవి. లోకము మెచ్చునో మెచ్చదో యని ఆ సొత్తును దాఁచుకొనలేదు. కొప్పరపు కవుల సభలో పద్యములు చదువఁగా, అంటరానివానిని రానిచ్చితి రేమని కొందఱు కోపించిరఁట. మన బోఁటివారమైనచో నాఁడే కలము పాఱవైచియుందుము. పిల్లవాని విద్యకు ముందు పుట్టుకను జూచు నలవాటు మన సంఘములలో నింకను బోలేదు. ఈ మాటను సంఘసంచికలోనే వ్రాయుటకు మాకు సంకోచము లేదు.

పొట్టకూటికై రాజమహేంద్రవరమున మూగచిత్రములకు కథ చెప్పిరి. పిదప గుంటూరున ఉపాధ్యాయులైరి. ఆ కంఠమే కూడు పెట్టినది.

జూపూడి హనుమచ్ఛాస్త్రిగారికడ మేఘసందేశము చదివిరి. కాళిదాసుని యక్షునకు మేఘము దూత. ఆ చదువును జాషువగారు తమ బాధకుఁ ద్రిప్పికొనిరి. 1941 నాఁటి 'గబ్బిలము'లో నాయకుఁడు గుడి వాకిలి దాఁటరాని అరుంధతీసుతుఁడు. తనకు లేని ప్రవేశము గబ్బిలమునకుఁ గలదు గావున, తన గోడు కాశీవిశ్వనాథుని చెవిని వేయుమని దానిని వేఁడును. ఇంతటి కల్పన పుస్తకములు చదివినంతమాత్రమున వచ్చునది గాదు.

1964 లో 'క్రీస్తుచరిత్ర'కు సాహిత్య అకాడమీ బహుమానము, 1970 లో పద్మభూషణ బిరుదము లభించెను. అంతకుఁ బూర్వమే చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు స్వహస్తములతో జాషువగారి కాలికి గండపెండేరము తొడిగిరి. 1971 జూలై 24 వ తేదీన గుంటూరున కీర్తిశేషులైరి.